ప్లేటు మీద లేని పేరు

కొత్త గ్రామఫోను ప్లేటులో పాట జనం నోట్లో నిలుస్తుందో లేదో తెలియాలంటే, సినిమా డేరా పక్కన వేరుశెనక్కాయలు ఉడకబెట్టే కామమ్మను అడగాలని ఆత్మకూరులో ఒక మాట ఉండేది. ఆ మాటను ముందుగా పుట్టించింది టూరింగ్ టాకీసు ఆపరేటరు ఓబులయ్య. నెల్లూరు బస్సులో కొత్త ప్లేట్లు వచ్చిన రోజు అతను మధ్యాహ్నమే డేరా తెరిచేవాడు. గ్రామఫోనుకు కీ ఇచ్చి, తాటిమొద్దుకు కట్టిన మైకును కామమ్మ పొయ్యి వైపు తిప్పి ప్లేటు వేసేవాడు. అది అయిపోగానే డేరా గుడ్డ పైకెత్తి తల బయట పెట్టేవాడు.

"ఎట్టుండాది అక్కా?"

కామమ్మ కుండ మీద మూత సవరించి చెప్పేది. "ఆ పిల్ల గొంతు బంగారం. పాట కట్టినాయనే, బస్సు తప్పిపోతాదన్నట్టు పరిగెత్తినాడు. పది దినాలు పాడతారు, పదకొండో దినం మర్చిపోతారు."

ఇంకో ప్లేటుకు, "దీనికి తొందరపడి పేరు పెట్టబాక. మొదట రుచి తెలవదు. నెల పోయినాక నీళ్లబిందె ఎత్తేటప్పుడు దానంతట అదే నోట్లోకొస్తాది" అనేది.

ఆమె అన్నది అన్నట్టే జరిగేది. పది దినాల పాట పన్నెండో రోజుకు ఎవరికీ గుర్తుండేది కాదు. నిలుస్తుందన్న పాట నాట్లేసే ఆడవాళ్ల నోట, బస్సు కండక్టరు నోట, చివరికి పెళ్లి మేళాల్లో వినపడేది. అందుకని ఆట మొదలయ్యే ముందు ఏ పాటలు వెయ్యాలో ఓబులయ్య ఆమెను అడిగే నిర్ణయించేవాడు.

కామమ్మకు అప్పటికి ముప్పై అయిదేళ్లుంటాయి. చదువు రాదు. సినిమా లోపలికి పోయి చూసింది ఒకటో రెండో. బొమ్మ చూస్తుంటే చెవి పని చెయ్యదని ఆమె ఫిర్యాదు. డాన్సు పాటలంటే అసలు గిట్టేది కాదు. వాటికి గంతుల పాటలని పేరు పెట్టింది. "డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుండాది. దానికి పాటెందుకు, రాళ్లు చాలవా?" అనేది. కుర్రకారు ఆమెను ఉడికించడానికే అవి వెయ్యమని ఓబులయ్యను సతాయించేవాళ్లు.

అయితే ఆమె పాటల్లో వెతికేది గొంతునూ కాదు, మాటలనూ కాదు. ఆ సంగతి రెండేళ్లదాకా ఓబులయ్యకు కూడా తెలియదు.

కామమ్మ పుట్టిల్లు ఉదయగిరి. నాయన పెంచలనరసయ్య సన్నాయి వాయించేవాడు. వింజమూరు నుంచి అటు కొండ కింది పల్లెల దాకా పెళ్లంటే ఆయన మేళమే. కామమ్మ మొగుడు కలరాలో పోతే, పదిహేడేళ్లకే పుట్టింటికి తిరిగొచ్చింది. అప్పటికి తల్లి లేదు. తమ్ముడు ఆదెయ్య ఆరేళ్ల వాడు. వాడికి అన్నం పెట్టి, తల దువ్వి, సన్నాయి సాధన చేస్తుంటే ఎదురుగా కూర్చుని తప్పులు పట్టి, తనే పెంచింది. పన్నెండో ఏట ఆదెయ్య దుర్గం మెట్ల మీద పడి ముందుపన్ను సగం విరగ్గొట్టుకున్నాడు. ఆ సందులోంచి గాలి పోయి, పైస్వరం పట్టే ముందు ఒక చిన్న ఊపిరి చప్పుడు వచ్చేది. ఇక వీడికి వాయిద్యం రాదని నాయన దిగులు పడ్డాడు. వాడు ఏడాది తిప్పలు పడి ఆ చప్పుడునే పాటలో కలిపేసుకున్నాడు. పైమెట్టు ఎక్కే మనిషి ఒక్క క్షణం నిలబడి ఊపిరి తీసుకున్నట్టు ఉండేది. అది విని పెళ్లివాళ్లు మళ్లీ వాయించమని అడిగేవాళ్లు.

తర్వాత నెల్లూరు బ్యాండు వాళ్ల దగ్గర క్లారినెట్ చూశాడు ఆదెయ్య. సన్నాయి పక్కన పెట్టేశాడు. పంతొమ్మిదివందల నలభై ఎనిమిదిలో, సరిగ్గా పెళ్లిళ్ల కాలంలో, నాయన పక్షవాతంతో మంచాన పడి ఉండగా, మద్రాసులో సినిమా పాటలకు వాయిస్తానని బయల్దేరాడు.

"నాయన్ను ఇట్టా వదిలేసి పోతావంట్రా?"

"ఈ పెళ్లిళ్లు అయ్యేదాకా ఆగితే అక్కడ చోటు ఉండదక్కా."

"అయితే పో. పోయినోడివి మళ్లీ ఈ ఇంటికి రాబాక."

కోపంలో అన్న మాట. వాడు నిజమే అనుకున్నాడో, అనుకోవడం వాడికి వీలుగా ఉండిందో, ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. ఆ వానాకాలంలో నాయన పోయాడు. కబురు పంపడానికి తమ్ముడి చిరునామా కూడా లేదు. ఇల్లు పెదనాయన కొడుకులకు వదిలేసి, ఆత్మకూరులో తెలిసినవాళ్ల పంచన చేరి, డేరా పక్కన పొయ్యి పెట్టుకుంది.

మరుసటి ఏడు ఒక కార్డు వచ్చింది. ఉదయగిరి నుంచి చేతులు మారి ఆమెకు చేరేసరికి అంచులు నలిగిపోయాయి. పోస్టుమాను చదివి వినిపించాడు. "అక్కా, ఇక్కడ పాటల్లో వాయిస్తుండాను. పాడినవాళ్ల పేరు, పాట కట్టినవాళ్ల పేరు ప్లేటు మీద వేస్తారు. మా పేర్లు వెయ్యరు. నువ్వు వింటే నీకు తెలస్తాది." కింద ఊరి పేరు మద్రాసు అని ఉంది. అంతకు మించి ఏమీ లేదు.

అప్పటినుంచి ఆమె ప్రతి కొత్త ప్లేటూ వింటూ వచ్చింది.

యాభై ఒకటి ఎండాకాలంలో ఒక విషాదపు పాట వచ్చింది. రెండో చరణానికి ముందు పాడే ఆమె ఆగుతుంది, క్లారినెట్ ఒక్కటే పైకి పోతుంది. కామమ్మ చేతిలో గరిటె కుండలోకి జారిపోయింది. లేచి డేరాలోకి నడిచింది. అంతవరకూ ఆట లేని వేళ ఆమె లోపలికి రావడం ఓబులయ్య చూడలేదు.

"మళ్లీ వెయ్యి."

వేశాడు. పైస్వరం ముందు ఆ ఊపిరి వినిపించింది.

"అదిగో, విన్నావా?"

"ఏంది? ఆ స్సుమనే చప్పుడా? ముల్లు అరిగిపోయిందక్కా, అంతే."

"ముల్లు మార్చు."

అతను గ్రామఫోను సౌండుబాక్సులో కొత్త ముల్లు బిగించి, ప్లేటు గుడ్డతో తుడిచి మళ్లీ వేశాడు. గరగర పోయింది. ఆ ఊపిరి మాత్రం పోలేదు. ఇంకా తేటగా వినిపించింది. కామమ్మ కిందనే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మధ్యాహ్నమే తమ్ముడి కథంతా ఓబులయ్యకు చెప్పింది. అతను విని, పాట ఇంకోసారి వేశాడు.

ఆత్మకూరులో ఆడేందుకిచ్చిన లైసెన్సు గడువు తీరాక డేరా ఉదయగిరికి మారింది. డేరా పోయిన మూడోనాడే ఆత్మకూరు మూగదైపోయినట్టు అనిపించింది కామమ్మకు. వారం ఆగి, కుండా గంపా బస్సుకెక్కించి తనూ ఉదయగిరి పోయింది. డేరా వెంట తిరిగే మనిషని ఊళ్లో నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. ఆమె పట్టించుకోలేదు. అక్కడ మైకులో వేసిన పాట దుర్గం కొండకు తగిలి, ఒక్క క్షణం ఆలస్యంగా తిరిగొచ్చేది. చిన్నప్పుడు తమ్ముడు సాధన చేసిన వీధిలో వాడి క్లారినెట్ రెండుసార్లు వినడం ఆమెకు సుఖంగానూ ఉండేది, ప్రాణం మీదికీ తెచ్చేది.

నాయన మేళం తెలిసిన పిచ్చమ్మ అనే ముసలామె ఒకనాడు కాయలు కొంటూ అడిగింది. "మీ ఆదెయ్య యాడుండాడే?"

"పాటల్లో ఉండాడవ్వా."

"ఇంటికి ఎప్పుడొస్తాడంట?"

కామమ్మ గుప్పెడు కాయలు ఎక్కువేసి ఇచ్చింది.

నాలుగేళ్లలో అలా ఏడు పాటలు దొరికాయి ఆమెకు. ఎనిమిదోది గంతుల పాట. డేరా మళ్లీ ఆత్మకూరు వచ్చినప్పుడు, యాభై అయిదులో వచ్చింది. హోటల్లో ఆడపిల్ల చిందులేసే పాటట. డోళ్లూ తాళాలూ కలిసి ఒకటే గోల. ఆ గోల నడుమ క్లారినెట్ పిట్టలా ఎగిరి, పైకొమ్మ ముందు ఊపిరి తీసుకుని, వాలింది. కామమ్మ రోజూ అదే పాట వెయ్యమని అడగసాగింది.

"ఇన్నాళ్లూ గంతుల పాటలని తిట్టినావే, ఇప్పుడేంది ఇట్టా?" అని నవ్వాడు డేరా పక్కనే మిషను పెట్టుకున్న దర్జీ మస్తాన్.

"ఇప్పుడైనా తిడతాను. పాట మంచిది కాదు. దాంట్లో మంచోడు ఒకడుండాడు."

ఆ తర్వాత ఏడాది గడిచింది. ప్లేట్లు వస్తూనే ఉన్నాయి, తమ్ముడి ఊపిరి మాత్రం వాటిలో లేదు. కొత్త ప్లేటు విన్న ప్రతిసారీ ఆమె ముఖం వాడిపోవడం ఓబులయ్య గమనించాడు. ప్రొజెక్టరు లెన్సు కోసం డేరా యజమాని అతన్ని మద్రాసు పంపినప్పుడు, "వస్తావా అక్కా?" అని అడిగాడు. ఆమె పొయ్యి ఆర్పి బయల్దేరింది.

నెల్లూరులో రైలెక్కి మర్నాటికి మద్రాసు చేరారు. అతను ఎవరినో అడిగి పాటలు రికార్డు చేసే స్టూడియో దగ్గరికి తీసుకుపోయాడు. గేటు కాపలావాడు లోపలికి పోనివ్వలేదు. వాళ్లు ఎదురుగా ఉన్న కాఫీ హోటలు అరుగు మీద కూర్చున్నారు. పదకొండు ప్రాంతాన వాయిద్యాల వాళ్లు కొందరు కాఫీకి వచ్చారు. వాళ్లలో ఫిడేలు పెట్టె పట్టుకున్న పెద్దాయన దగ్గరికి పోయి నిలబడింది కామమ్మ. కళ్లు మూసుకుని, ఆ గంతుల పాటలో క్లారినెట్ పోయిన దారి అంతా "తానన" అంటూ పాడింది. పైస్వరం ముందు ఊపిరి కూడా తీసింది.

పెద్దాయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఇది పాడేది కాదమ్మా, వాయించేది. నీకెట్లా పట్టుబడింది?"

"వాయించినోడు నా తమ్ముడయ్యా. ఆదెయ్య. ముందుపన్ను సగం ఉండదు."

ఆయన జరిగి ఆమెకు బల్ల మీద చోటిచ్చాడు. "పోయిన శ్రావణం దాకా నా పక్క కుర్చీలోనే ఉన్నాడమ్మా. బొంబాయి వెళ్లిపోయాడు. అక్కడ డాన్సు పాటలు ఎక్కువ, క్లారినెట్ వాళ్లకి గిరాకీ ఉందని ఎవరో పిలిచారు."

"ఒళ్లు బాగుండాదా వాడికి?"

"బాగానే ఉన్నాడు. కాస్త సన్నబడ్డాడు."

"పెళ్లి చేసుకున్నాడా?"

"లేదు."

"నా మాట ఎప్పుడన్నా ఎత్తేవాడా?"

ఆయన అబద్ధం చెప్పదలచుకోలేదు. "ఇంటి సంగతి మాట్లాడేవాడు కాదమ్మా. కానీ రికార్డింగు అయిన ప్రతిసారీ ఒకటి అడిగేవాడు, ఈ ప్లేటు నెల్లూరు జిల్లాకి పోతుందా అని. వీడికి ఆ జిల్లా పిచ్చేమిటని మేం నవ్వుకునేవాళ్లం."

కామమ్మ తల వంచుకుంది. పెద్దాయన లేస్తూ, "బొంబాయికి మావాళ్లు వెళ్తూ వస్తూ ఉంటారు. ఏమన్నా చెప్పమంటావా?" అన్నాడు.

ఎనిమిదేళ్లుగా ఆమె పోగేసుకున్న మాటలున్నాయి. నాయన చివరి పూట ఎవరి పేరు పిలిచాడో చెప్పాలి. ఆనాడు అన్నది కోపంలో అన్నదని చెప్పాలి.

"ఆ గంతుల పాటలో, రెండో చరణం ముందు కాస్త తొందరపడినాడని చెప్పండయ్యా. ఆ ఒక్క చోటే. తక్కినదంతా బాగా వాయించినాడని చెప్పండి."

తిరుగు రైల్లో గూడూరు దాటాక, "రమ్మని చెప్పలేదే ఓబులయ్యా" అంది.

"ఆ మాట దాంట్లోనే ఉండాదిలే అక్కా. అర్థం చేసుకుంటాడు."

"వాడు చేసుకుంటాడు. నా నోటితో అనాలని ఉండింది నాకు."

ఆ తర్వాత ఆమె అడిగింది బొంబాయి నుంచి వచ్చే హిందీ ప్లేట్లు. అనుమసముద్రంపేట దర్గాకు పోయే జనం ఆత్మకూరు మీదుగానే కదా పోయేది, హిందీ పాటలు వేస్తే వాళ్లు ఆగుతారని యజమానికి నచ్చజెప్పి తెప్పించాడు ఓబులయ్య. భాష తెలియకపోయినా కామమ్మ అభిప్రాయాలు ఆగలేదు. "ఈయన గొంతు మనవైపు ఎండాకాలం చద్దన్నం మాదిరి చల్లగా ఉండాది" అనేది. "దీంట్లో వాయిద్యాలు మరీ ఎక్కువ, ఒకణ్ణి విననిస్తే ఒకణ్ణి విననియ్యరు" అనేది. డాన్సు పాటలను మాత్రం తిట్టడం మానేసింది. ఎందుకని మస్తాన్ అడిగితే, "అంతమంది వాయిస్తుంటారు. వాళ్ల కోసం యాడో ఎవరో వింటుంటారు గదా. నేనెందుకు అనాల?" అంది.

బొంబాయి నుంచి ఉత్తరం రాలేదు. మద్రాసు పెద్దాయన కబురు చేరవేశాడో లేదో కూడా తెలియలేదు.

యాభై ఎనిమిదిలో, దర్గా ఉరుసులో గంధం రోజున అనుమసముద్రంపేటలో పొయ్యి పెట్టుకుంది కామమ్మ. మస్తాన్ కూడా చుట్టాలింటికి వచ్చి, సాయంత్రం పూట ఆమె దగ్గర నిలబడి ఉన్నాడు. అంగళ్ల వరసలో ఎవరో మైకులో కొత్త హిందీ పాట వేశారు. పాటలో వచ్చే చప్పట్ల మధ్య క్లారినెట్ పైకి పోయింది. కామమ్మ చెయ్యి ఆగింది.

"మళ్లీ వెయ్యమను మస్తానూ."

అతను పోయి బతిమాలి మళ్లీ వేయించాడు. మూడోసారీ వేయించాడు. చుట్టూ జనం, బూరలు, గుర్రబ్బండ్ల గంటలు. పైస్వరం ముందు ఏదో ఉన్నట్టే ఉంది. అది ఊపిరో, మైకు గాలో తేలడం లేదు.

"ఏమని పాడతాడు?" అని హిందీ తెలిసిన మస్తాన్‌ను అడిగింది.

"ఎవరినో, నీ వీధిలోనుంచే పోతుండాను, కిటికీ తీసి చూడు అంటాడక్కా."

నాలుగోసారి మైకువాడు ఇంకో ప్లేటు వేసేశాడు. కాయలు కొనడానికి వచ్చిన ఆత్మకూరు మనిషొకడు ఆమెను గుర్తుపట్టి, "ఎట్టుండాదమ్మా ఈ కొత్త పాట?" అని అడిగాడు.

"తెలవదు నాయనా" అంది కామమ్మ.

ఒక పాట గురించి ఆమె ఆ మాట అనడం మస్తాన్ అంతకు ముందెప్పుడూ వినలేదు. ఆమె కుండ మూత తీసి, ఆవిరి పక్కకు పోయేదాకా ఆగి, వచ్చినాయనకు కాయలు కొలిచి పోసింది.