అడ్డపొగ అప్ప, రెండు కెమెరాలు

ఇప్పుడు మా బరంపురం ఆసుపత్రిలో ప్రతి ఆపరేషన్ గదిలోనూ తెర ఉంది. మత్తు ఇచ్చే కుర్ర డాక్టర్లు రోగి నోట్లోకి చూడరు, తెర వంకే చూస్తారు. ఏ కెమెరా మేలు మేడమ్ అని నన్నడుగుతారు. నోటిని బట్టి అంటాను. వాళ్ళకి విసుగు. నాకు మాత్రం మొదటి రెండు కెమెరాలూ మా దగ్గరికొచ్చిన రోజులు తలుచుకుంటే ప్రాణం లేచొస్తుంది.

అంతకుముందు మాకున్నది ఒక ఇనుప బ్లేడు, దాని కొసన మిణుకుమనే బల్బు. నాలుక పైకెత్తి చూడాలి. దారి కనబడితే శ్వాసనాళంలోకి ఊపిరందించే గొట్టం, కనబడకపోతే దేవుడికి దండం. అలాంటి చోట రెండు కెమెరాలు పెట్టి, వాడి చూసి చెప్పమని కంపెనీవాళ్ళు వెళ్ళారు. ఒకటి బాగా వంపు తిరిగిన బ్లేడు. ఇంకొకటి సన్నటి నల్లతాడులాంటి స్కోపు, మీట నొక్కితే కొస వంగుతుంది. నాతో చదువుకున్న సహోద్యోగి బ్లేడు వైపు, నేను తాడు వైపు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, టీ తాగడం కూడా మానేసి సాధన కోసం పెట్టుకున్న రబ్బరు బొమ్మ గొంతులో పందేలు వేసుకున్నాం. నేను ఓడినప్పుడల్లా ఆడలేక మద్దెల ఓడు అని ఏడిపించేవాడు. బొమ్మకి ఉమ్మి ఊరదు, భయం వెయ్యదు, దాంతో గెలిస్తే ఏం గొప్ప అని నేను మండిపడేదాన్ని.

అప్పుడొచ్చింది సోనేపూర్ నుంచి చేపలమ్మే ఒకావిడ. మెడ మీద కొబ్బరికాయంత థైరాయిడ్ గడ్డ. అది ఒత్తి ఒత్తి శ్వాసనాళాన్ని పక్కకి తోసేసింది, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. ఇలాంటివాళ్ళకి మత్తిచ్చాక గొట్టం పడకపోతే నిమిషాల్లో ప్రాణం పోతుంది. అందుకే మెలకువగా ఉండగానే వెయ్యాలి. అదీ కుదరకపోతే మెడకి కన్నం పెట్టాల్సిందే. సర్జన్ ఆ మాట చెప్పగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

“గొంతుకి సిల్లెడితే కేకెలాగ ఎయ్యాల తల్లీ? కేక నేకపోతే నా సేపలు ఎవులు కొంతారు?”

మొగుడు పోయాక ఆ కేకే ఆ ఇంటిని నడిపింది. నీ గొంతు నేను చూసుకుంటాను అప్పా అని, సొంత అక్కని పిలిచినట్టే పిలిచి మాటిచ్చేశాను. ఇచ్చాక భయం పట్టుకుంది.

ఆపరేషన్ రోజు ఆవిణ్ణి కూర్చోబెట్టి గొంతులో తిమ్మిరి మందు కొట్టాం. ముందు నా సహోద్యోగి వంపు బ్లేడు పెట్టాడు. తెర మీద స్వరపేటిక ఎంత చక్కగా కనబడిందో! అరచేతిలో వైకుంఠమే. గొట్టం మాత్రం ఆ వంపు తిరగదే. రెండుసార్లు చూసి, తప్పుకుని నాకు చోటిచ్చాడు. ఆ పెద్దమనసు నేను మరిచిపోలేదు.

తాడుతో చిక్కేమిటంటే, రోగి సహకరించాలి. గొంతులో అది కదులుతుంటే చాలామంది గింజుకుంటారు, మన చెయ్యి లాగేస్తారు. ఉమ్మి చేరి కెమెరాకి ఏమీ కనబడదు. బెదరొద్దని బతిమాలుతుంటే ఆవిడ నవ్వింది. చిన్నప్పటినుంచీ అడ్డపొగ అలవాటట. చుట్ట కాలే కొసని నోటి లోపల పెట్టుకుని కాల్చడం.

“నిప్పునే నోట్లో ఎట్టుకున్నదాన్ని. నీ తాడుకి జడుస్తానేటి?”

ఆవిరి పట్టకుండా కెమెరా కొసని వేడినీళ్ళలో ముంచి లోపలికి పంపాను. ఆవిడ నాలుక అణుచుకుని, నెమ్మదిగా ఊపిరి తీస్తూ, చుట్ట కాలుస్తున్నంత తాపీగా కూర్చుంది. ఆ చుట్టే ఆవిడ అంగిలిని తెల్లగా మొద్దుబార్చింది. డాక్టరుగా నేను తిట్టిపోయాల్సిన అలవాటు, ఆ పూట దానికే దండం పెట్టుకున్నాను. స్కోపు శ్వాసనాళంలో దిగింది, దాని మీదుగా గొట్టం జారింది. అప్పుడు మత్తిచ్చాం.

గడ్డ తీసేశాక, తెలివొచ్చాక గొట్టం తీశాం. స్వరం చూడటానికి “ఈ” అనమన్నాను. పెదాలు కదిలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. నా సహోద్యోగి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇంకొక్కసారి అనప్పా అని బతిమాలాను. ఆవిడ గుటక మింగి, కళ్ళెర్రజేసి, పక్క మంచాలవాళ్ళు తిరిగి చూసేలా అరిచింది.

“కడుపు కాలిపోతంటే పళ్ళికిలించమంటావేటి? ముందు గంజెట్టు!”

నేను అందరి ముందూ సిగ్గు లేకుండా ఏడ్చేశాను.