సింథటిక్ ఆయిలూ, నూకరత్నం అక్క కొసరూ

రెండు వేల ఇరవై మూడు వర్షాకాలం. గోదారికి ఎర్రనీళ్ళొచ్చి, కొవ్వూరు రేవులో పులస కోసం జనం ఎగబడుతున్న రోజులు. మా షెడ్డు కొవ్వూరులోనే, రాజమండ్రి బ్రిడ్జి ఎక్కబోయే ముందు రోడ్డు వారన ఉంటుందండి. రేకుల కప్పు, బండి కిందకి దిగి పనిచేసుకోవడానికి ఒక గొయ్యి, పానాలు తగిలించుకోవడానికి ఒక గోడ, అంతే. పాతికేళ్ళ పైబడి కార్లు బాగుచేస్తున్నాను. ఇన్నేళ్ళలో బాగా గుర్తుండిపోయిన బండి ఏదని అడిగితే, ఇంజను బద్దలైపోయి తాడు కట్టి లాక్కొచ్చినవి చాలానే ఉన్నాయి గానీ, ఆఖరికి పెద్దగా ఏమీ కాని ఈ బండి గురించే చెప్తాను. దాని విషయంలో నేను కుళ్ళినంతగా నా జన్మలో ఇంకే విషయంలోనూ కుళ్ళలేదు.

బండి నూకరత్నం అక్కది. అక్కంటే తోడబుట్టిన అక్క కాదు, వరస కలుపుకున్నాం. వాళ్ళది చేపల వ్యాపారం. తెల్లారకుండానే నరసాపురం వెళ్ళి, సముద్రం చేప కొని, ఐసు పెట్టెల్లో వేసుకుని వచ్చి కొవ్వూరు మార్కెట్లో అమ్ముతుంది. ఒకప్పుడు నలుగురితో కలిసి వ్యాను మాట్లాడుకునేది. వ్యాను వాడు బయల్దేరదీసే టైముకి మంచి సరుకు ఎవరో ఒకరు ఎత్తుకుపోయేవాళ్ళు. అందుకని పాత పెట్రోలు కారు ఒకటి కొని, వెనక సీటు పీకించేసి, కొంగు బొడ్లో దోపుకుని తనే నడుపుతుంది. "ఈ బండి ఆగిందంటే నేను మళ్ళీ వ్యాను వెనకాల పరిగెత్తాలి తమ్ముడూ. ఇక నావల్ల కాదు," అనేది. ఆ బండి కొన్న రోజు నుంచీ దాని బాగోగులన్నీ నావే. టైరు పంక్చరు నుంచి క్లచ్ ప్లేటు దాకా ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు.

ఇక శ్రీను సంగతి. నేనూ వాడూ ఒకే మేస్త్రి గారి దగ్గర పని నేర్చుకున్నాం. వాడు నాకన్నా చిన్నవాడు, ఇప్పటికీ అన్నా అనే పిలుస్తాడు. బ్రిడ్జి అవతల, రాజమండ్రిలో పెద్ద గ్యారేజీ పెట్టాడు. అద్దాల గది, అందులో ఏసీ, కూర్చున్నవాళ్ళకి కాఫీ. నా దగ్గర కూర్చోవాలంటే పాత టైరు మీద పాత పేపరు వేసుకుని కూర్చోవాలి. వాడంటే నాకు కుళ్ళా అంటే కుళ్ళేనండి, దాచుకోవడం దేనికి. మా ఆవిడ మంగ అయితే, "పొద్దస్తమానం ఆ బ్రిడ్జి ఎక్కే బండ్లని చూసి ఏడవకపోతే, చేతిలో ఉన్న పని చూసుకోవచ్చు కదా," అని రోజూ దెప్పుతుంది.

ఇక్కడ ఆయిలు గురించి కాస్త చెప్పాలి. ఇంజన్లో పోసే ఆయిల్లో పాతకాలం నుంచీ వస్తున్నది మినరల్ ఆయిల్. భూమిలోంచి తీసిన ముడి నూనెను శుద్ధి చేసి తయారుచేస్తారు. చిక్కగా ఉంటుంది, త్వరగా పాడవుతుంది, తరచూ మార్చాలి. రెండోది సింథటిక్. ఫ్యాక్టరీలో ప్రత్యేకంగా తయారుచేస్తారు. వేడికి తొందరగా చెడదు, ఎక్కువ కాలం ఆగుతుంది, ధర కూడా ఎక్కువే. మన వైపు వాళ్ళకి పలచనిది ఏదైనా అనుమానమే. పాలు పలచగా ఉంటే నీళ్ళు కలిపారంటాం, చారు పలచగా ఉంటే మొహం తిప్పుకుంటాం. నేనూ అంతే. రెండు వేళ్ళ మధ్య రుద్ది చూస్తే జిడ్డుగా, బరువుగా తగలకపోతే అది ఆయిలే కాదనేవాణ్ణి.

ఆ వర్షాలకి ముందు, వేసవిలో నూకరత్నం అక్క అడిగింది. "తమ్ముడూ, సింథటిక్ అని ఏదో ఉందంట కదా. రోజూ నరసాపురం పోయొచ్చే బండికి మంచిదంట. మన బండిలో అదే పోద్దామా?"

"ముసలాయనకి జీన్సు ప్యాంటు వేసినట్టు ఉంటుందక్కా," అన్నాను. "పాత ఇంజను. ఆ పల్చటి ఆయిలు పోస్తే రబ్బరు సీళ్ళ సందుల్లోంచి కారిపోతుంది."

అక్క నవ్వింది. ఇక ఆ మాట వదిలేసింది అనుకున్నాను. వదల్లేదు. తర్వాత ఆయిలు మార్చాల్సిన టైముకి నా షెడ్డు ముందు నుంచే బ్రిడ్జి ఎక్కి శ్రీను దగ్గరికి పోయింది.

నాకు ఎలా తెలిసిందంటే, చప్పుడు బట్టి తెలిసింది. మా వీధి చివరే అక్క ఇల్లు, తెల్లారకుండా స్టార్ట్ చేసినప్పుడు ఆ బండి ఇంజను పైన టకటక టకటకమని ఒక చప్పుడు వచ్చేది. ట్యాపెట్ చప్పుడు అంటాం, ఆయిలు పైదాకా ఎక్కేలోపు వచ్చేది. ఆ వారం నుంచి అది సగానికి సగం తగ్గిపోయింది. కొత్త ఆయిలు పడిందనీ, పోసింది ఎవరో కూడా అప్పుడే అర్థమైంది. నేను చేసిన బండి నాకన్నా వాడి చేతిలో బాగుందంటే ఎలా ఉంటుంది చెప్పండి! పైగా ఆ ఆదివారం మార్కెట్లో ఇంకో మాట చెవిన పడింది. నూకరత్నం అక్క శ్రీనుకి పులస ముక్కలు పంపిందట. పులస! పుస్తెలమ్మైనా తినాలంటారే, ఆ పులస. పన్నెండేళ్ళు సేవ చేసిన నాకు వచ్చినవి బొమ్మిడాయిలు, మహా అయితే ఒక చందువా. ఇంటికెళ్ళి మంగతో చెప్తే, "వాడు కాఫీ ఇచ్చాడు, మీరు ముసలాయన జీన్సు కథ చెప్పారు," అంది. ఆ పూట అన్నం సహించలేదు.

ఆగస్టులో ఒక రోజు ఎండెక్కే వేళకి అక్క బండి వచ్చి నా షెడ్డు ముందు ఆగింది. ఆగడం కూడా కాదు, ఈడ్చుకుంటూ వచ్చింది. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ, అందులో నీలం రంగు. ఇంజను కింద నుంచి ఆయిలు బొట్లు బొట్లుగా పడుతోంది.

అక్క దిగింది. మొహం పాలిపోయి ఉంది. "పెరవలి దాటిన కాడి నుంచి ఇదే వరస తమ్ముడూ. లాగట్లేదు. ఎనకాల చేపంతా ఉంది. ఇంజను పోయినట్టేనా?"

ఆ క్షణంలో నాకు బాధ కలగాలి. కలిగింది సంతోషం. ఒళ్ళంతా చల్లబడ్డట్టయింది. "నేను చెప్పలేదా అక్కా!" అన్నాను. "చిలక్కి చెప్పినట్టు చెప్పాను. పాత బండికి సింథటిక్ వద్దని. కారిపోతుందని చెప్పానా లేదా? ఇప్పుడు ఆ అద్దాల గదిలోకి వెళ్ళి కాఫీ తాగు!"

అంతటితో ఊరుకున్నానా? లేదు. అక్క ముందే ఫోను తీసి, స్పీకరు పెట్టి, శ్రీనుకి కొట్టాను.

"ఏరా, నూకరత్నం అక్క బండి పొగలు కక్కుకుంటూ వచ్చింది. ఆయిలు కారిపోతోంది. బతుకుతెరువు బండి రా అది. నీ ప్రయోగాలకి అదే దొరికిందా?"

వాడు గొంతు పెంచలేదు. "గేజ్ తీసి చూశావా అన్నా?" అన్నాడు.

గేజ్ అంటే డిప్‌స్టిక్. ఇంజన్లోకి దిగి ఉండే సన్నటి కమ్మీ. దాని చివర రెండు గీతలుంటాయి, ఆయిలు మట్టం ఆ రెంటి మధ్యలో ఉండాలి. బానెట్ ఎత్తగానే ఎవడైనా మొదట చూసేది అదే. కొత్తగా పనిలోకి వచ్చినవాడికి మా మేస్త్రి గారు మొదటి రోజు నేర్పేది అదే. నేను బానెట్ కూడా ఎత్తలేదు.

"చూసి చెప్తాను," అని ఫోను పెట్టేశాను.

అక్క వెనక్కి వెళ్ళి ఐసు పెట్టెల మీద తడి గోనెలు సర్దుతోంది. నేను ఇంజను కాస్త చల్లారనిచ్చి, గేజ్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి తీశాను. ఆయిలు పై గీత దాటి బెత్తెడు ఎత్తున ఉంది. మజ్జిగ చిలికినట్టు నురగ. ఇంజన్లో ఆయిలు మరీ ఎక్కువైతే, తిరిగే క్రాంక్ షాఫ్ట్ దానికి తగిలి చిలికేస్తుంది. నురగైన ఆయిలు ఇంజనుకి సరిగా అందదు. ఉండాల్సిన చోట ఉండక పొగగా పోతుంది, సీళ్ళని తన్నుకుని బయటికి వస్తుంది. తక్కువైతే ఎంత ప్రమాదమో, ఇంత ఎక్కువైనా అంతే. శ్రీను ఎంత వెధవైనా ఇంత పోసే వెధవ కాదని నాకు తెలుసు.

"అక్కా, ఈ మధ్య ఎవరైనా ఆయిలు పోశారా ఇందులో?"

"ఎవరు పోస్తారు? నేనే పోశా. పొద్దున నరసాపురంలో."

"నువ్వా! ఎందుకు?"

"ఎందుకంటావేంటి? డబ్బా నిండా ఆయిలుకి నా చేత డబ్బులు కట్టించుకుని, కొంత పోసి మిగతాది డబ్బాతో సహా డిక్కీలో పెట్టిచ్చాడు నీ తమ్ముడు. 'ఇంతే పడుతుందండి, తగ్గితేనే పోసుకోండి' అన్నాడు. కొసరు కూడా వెయ్యలేదు. కొసరు లేని బేరం నా జన్మలో ఎరగను. అమ్మినా అంతే, కొన్నా అంతే. అందుకని నా కొసరు నేనే పోసుకున్నాను. మొత్తం."

ఆవిడ దగ్గర కిలో చేప కొంటే, తూకం అయ్యాక ఇంకో చిన్న చేప సంచిలో పడకుండా ఏ మనిషీ వెనక్కి రాలేదు. నా దగ్గర ఆయిలు మార్పించుకున్నప్పుడూ, "కొసరేది తమ్ముడూ?" అని అడిగేది. అందుకే నేను పై గీతకి కాస్త కిందే ఆపేసి, అక్క చూస్తుండగా ఇంకో రెండు చుక్కలు ఒంపి, "ఇదిగో నీ కొసరు," అనేవాణ్ణి. మట్టం సరిగ్గా గీత దగ్గరికి వచ్చేది, ఆవిడ మొహం విచ్చుకునేది. శ్రీనుకి ఆయిలు సంగతి తెలుసు. నూకరత్నం అక్క సంగతి తెలియదు.

అక్క నా మొహంలోకి చూస్తోంది. "నిజం చెప్పు తమ్ముడూ. ఆ సింథటిక్కే కదా కొంప ముంచింది? తీసేసి మన పాతదే పోసెయ్. ఇక బ్రిడ్జి ఎక్కితే ఒట్టు."

ఔనంటే చాలు. అక్క మళ్ళీ నాది. శ్రీను పేరు మార్కెట్టంతా మారుమోగిపోతుంది. నూకరత్నం అక్క నోట పడిన మనిషి కొవ్వూరులో మళ్ళీ తలెత్తుకోలేడు. 'ఔనక్కా' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. దేవుడి మీద ఒట్టు, వచ్చింది.

కానీ ఆ మాట అంటే, కొసరు పొయ్యడం తప్పని ఈవిడకి ఎప్పటికీ తెలియదు. నేను ఊళ్ళో లేని రోజున ఎవడో ఒకడు మిగిలిన డబ్బా చేతిలో పెడతాడు. ఈవిడ మళ్ళీ పోసుకుంటుంది. ఈసారి ఇంజను పెరవలి దాకా కూడా రాదు. ఆ తర్వాత వ్యాను వెనకాల పరిగెత్తేది నేను కాదు.

"ఆయిలు తప్పు కాదక్కా," అన్నాను. "శ్రీను సరిగ్గానే పోశాడు. ఎక్కువైంది నీ కొసరు."

ఆ ముక్క అనడం కాకరకాయ రసం తాగినట్టే ఉంది. గేజ్ అక్క చేతికిచ్చి, గీతలు చూపించి, మట్టం ఎక్కడుండాలో, ఎక్కడుందో చెప్పాను. తర్వాత గోతిలోకి దిగి, డ్రెయిన్ నట్టు వదులు చేసి, ఎక్కువైన ఆయిలు కొంచెం కొంచెంగా దింపాను. నురగ కాస్తా విరిగింది. స్టార్ట్ చేస్తే కాసేపు పొగ వచ్చి ఆగిపోయింది. బొట్లూ ఆగాయి. పాత ఇంజనే, పాత సీళ్ళే, అదే పల్చటి సింథటిక్. ఒక్క చుక్క కారలేదు. నేను గోతిలో నిలబడి తలెత్తి ఆ సీలు వంకే చూస్తూ ఉండిపోయాను. ఒక్క బొట్టు పడితే బావుండునని కూడా అనుకున్నాను. పడలేదు.

అక్క దణ్ణం పెట్టినంత పనిచేసి, చేప మెత్తబడిపోతుందని మార్కెట్టుకి పరిగెత్తింది. నేను చేతులు కడుక్కుని శ్రీనుకి ఫోను చేశాను. ఈసారి స్పీకరు పెట్టలేదు.

"ఆయిలు నిండా పోసేసుకుంది రా. దింపేశాను. ఇంజను బానే ఉంది."

"అమ్మయ్య. థాంక్సన్నా. నీ దగ్గరికే వచ్చింది కాబట్టి సరిపోయింది," అన్నాడు. చూశారా? పల్లెత్తు మాట అనలేదు. నేను వాణ్ణి అన్నవన్నీ విని కూడా. వాడు ఒక్క తిట్టు తిట్టినా నాకు ఎంత హాయిగా ఉండేదో.

"ఒరే, ఆవిడకి మిగిలిన డబ్బా ఇవ్వకు. గీతకి కాస్త కింద ఆపు. ఆవిడ చూస్తుండగా రెండు చుక్కలు వేసి, కొసరు అని చెప్పు. ఇక జన్మలో డబ్బా ముట్టుకోదు."

వాడు పగలబడి నవ్వి, "ఇది నాకెవరూ చెప్పలేదన్నా," అన్నాడు. ఎవరు చెప్తారు, వాడి దగ్గర లేనిదీ నా దగ్గర ఉన్నదీ అదొక్కటే కదా. ఉన్న ఆ ఒక్కటీ నా చేత్తోనే వాడికి ఇచ్చేశానని ఫోను పెట్టేశాక గానీ బుర్రకెక్కలేదు.

ఈ బండి నాకు నేర్పిన పాఠం పెద్దదేం కాదు. పాత బండికి సింథటిక్ పొయ్యొచ్చు. ఇంజను వయసుకి తగ్గ గ్రేడు, అంటే చిక్కదనం, చూసుకోవాలి, మట్టం గీత దాటకూడదు. ఇప్పుడు నేనూ పోస్తున్నాను. ఇంకొకటి, బండి ఎవరి దగ్గర్నుంచి వచ్చిందన్నది గేజ్ తీసి చూశాకే అడగాలి. ముందే తెలిస్తే మనిషికి కళ్ళు కనపడవు. కుళ్ళు తగ్గిందా అంటే, అది తగ్గే జబ్బు కాదండి.

దసరా వెళ్ళాక అక్క బ్రేకులు చూపించుకోవడానికి వచ్చింది. నేను చక్రం విప్పుతుంటే పక్కనే కూర్చుని, చల్లగా చెప్పింది.

"మొన్న ఆయిలు మార్పించుకున్నాను తమ్ముడూ. నీ తమ్ముడు శ్రీను కొసరు కూడా వేస్తున్నాడు ఇప్పుడు. ఎవరు నేర్పారో గానీ, మనిషి బాగుపడ్డాడు."