దారంతో కొలిచిన జిద్దా

నా చిన్నప్పుడు మెదక్‌లో మా పక్కిల్లు ఒక దర్జీది. మేం ఆయన్ను చాచా అనేవాళ్లం. పక్క ఊరు హవేలిఘనపూర్ రైతులు కూడా ఆయన దగ్గరే చొక్కాలు కుట్టించుకునేవారు. ఆరో తరగతి లెక్కల్లో నన్ను మించినవాళ్లు లేరని నాకు పొగరు. దాన్ని పెంచి పోషించింది కూడా చాచానే, గుడ్డ కొలతలన్నీ నా చేతే కూడించేవాడు.

ఆ ఏడు ఆయన భార్య, మా చాచీ, మంచం పట్టింది. ఇక ఇంటికి తీసుకుపొమ్మని దవాఖానలో చెప్పేశారు. తల్లి పోయాక తాను ఎత్తుకుని పెంచిన తమ్ముణ్ని ఒక్కసారి చూడాలన్నదే ఆమెకు మిగిలిన కోరిక. అతను జిద్దాలో పనిచేసేవాడు. రేపు పొద్దున ఎనిమిదింటి విమానమెక్కుతున్నానని ఫోన్ చేశాడు.

"ఇంటికొచ్చేసరికి ఎన్నయితది?" అని చాచీ అడుగుతూనే ఉంది. చాచా నా గ్లోబు తెమ్మన్నాడు. మనిషికి నడుము కొలిచినట్టే భూమికీ నడుము చుట్టూ దారం చుట్టాడు. అది నలభై వేల కిలోమీటర్లని పుస్తకం చూసి నేను చెప్పాను. దారాన్ని పది సమభాగాలుగా మడిచాడు. ఒక మడత జిద్దా నుంచి హైదరాబాద్‌కు సరిపోయింది. విమానం గంటకు ఎనిమిది వందలు పోతుందని తమ్ముడెప్పుడో చెప్పాడట. అంటే ఐదు గంటలు. బేగంపేట విమానాశ్రయం నుంచి జీపులో మరో మూడు. నేనే పరుగెత్తి చెప్పాను, "రేపు నాలుగింటికి వస్తడు చాచీ" అని.

మర్నాడు గోడ గడియారం కనబడేలా మంచం తిప్పించుకుంది. కళ్లలో వత్తులు వేసుకుని చూసింది. నీళ్లిస్తే, "నాలుగు గానీ, వాడొచ్చినంక తాగుత" అంది. నాలుగైంది, నాలుగున్నరైంది. "నీ లెక్క తప్పది గద బిడ్డా. ఇగ రాడు తీ" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఐదు దాటాక ఊపిరి ఆగిపోయింది.

తమ్ముడు ఆరున్నరకు వచ్చి గడపలోనే కూలబడ్డాడు. అతని చేతి గడియారం నాలుగు చూపిస్తోంది. ఆగిపోయిందా అని అడిగాను. "జిద్దా టైం బిడ్డా, మార్చుకోలే" అన్నాడు. అక్కడి సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక అని మాకెవరికీ తట్టలేదు. నాకు ఏడుపు కూడా రాలేదు.

మట్టి ఇచ్చి వచ్చిన మర్నాడు చాచా నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "కొలత ఇచ్చింది నేను. గుడ్డ పాడైతే దర్జీది తప్పు, కత్తెరది గాదు" అన్నాడు. తర్వాత ఎన్నడూ ఆ మాటెత్తలేదు. వారం తిరిగేసరికి మళ్లీ కొలతలు నా చేతే కూడించాడు. ఎంత పెద్ద మనసో అప్పుడు నాకు తెలియలేదు.

తప్పును ఆయన తన మీద వేసుకున్నాడు కానీ నా మీద నుంచి అది దిగలేదు. ఇప్పటికీ నాలుగుకీ ఐదుకీ మధ్య నేను గోడవైపు చూడను. విమానం ఎక్కడిదాకా వచ్చిందో పిల్లలు ఫోన్‌లో చూపిస్తుంటారు. మంచం మీద ఎవరైనా ఎదురుచూస్తుంటే మాత్రం వాళ్ల చేయి పట్టుకుని, "దారిలనే ఉన్నడు" అంటాను. ఎన్నింటికొస్తడని అడిగితే, తెలిసినా చెప్పను.