వల్లెమ్మ పెద్దమ్మ మానేసిన అరవం

ఎదురింటి రేడియోలో సముద్రం అవతలి స్టేషను అరవంలో ఏదో చదువుతోంది. మా చిత్తూరు వీధుల్లో వినబడే అరవం కాదది. మాటను సాగదీసి, చివర మెల్లగా దించుతారు. మా బాబు నిద్రపోయాడు. కిటికీ మూశాను, అయినా వినబడుతూనే ఉంది. మునిరత్నం అన్న పోయింది ఆ సముద్రం అవతలే, ఈ భాష మాట్లాడుతూనే.

అతను నాకు తోబుట్టువు కాదు. తిరుచానూరులో మా పుట్టింటి పక్కింటి అబ్బాయి, నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. వాళ్ల నాయన చెంగల్రాయుడు రేణిగుంట గూడ్సు షెడ్డులో మూటలు మోసేవాడు. వాళ్లమ్మ వల్లెమ్మది అరవదేశంలో గుడియాత్తం. పెళ్లయి వచ్చాక తెలుగు నేర్చుకుంది. లాడ్జీల ముందు ఇడ్లీలు పోసి అమ్మేది. అరవ యాత్రికులు ఆమె గొంతు విని సొంత ఊరి మనిషి దొరికినట్టు ఆమె చుట్టూ మూగేవారు. వీధిలో అందరికీ ఆమె అరవమ్మ, నాకు మాత్రం పెద్దమ్మ. "మీ పెద్దమ్మ తెలుగులో తిడితే కోపం తక్కువని అర్థంమ్మా. అరవంలోకి దిగిందంటే నేను రేణిగుంటకు పరిగెత్తాల్సిందే" అని చెంగల్రాయుడు పెదనాయన నవ్వేవాడు.

నాకు అరవం అక్షరాలు నేర్పింది మునిరత్నం అన్నే. సాయంత్రం ఇడ్లీ పాత్రలు కడిగి, ఆ తడిచేత్తోనే బల్ల మీద అక్షరం రాసేవాడు. అది ఆరేలోగా నేను చదివి చెప్పాలి. "నాకెందుకన్నా ఇది?" అంటే, "ఇంకో భాష వస్తే ఇంకో ఇంట్లో అన్నం దొరికినట్టే మే" అనేవాడు. నా పదో తరగతి అయ్యాక, ఆడపిల్ల రోజూ తిరుపతికి పోయి చదవడమేమిటని మా నాయన పట్టుబట్టాడు. అన్న వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"పంపించు చిన్నాయనా. బస్సు బోర్డు రెండు భాషల్లో సదవతాది. యాడా తప్పిపోదు."

"తప్పిపోతే?"

"నేను ఎతికి తెస్తా."

నాయనకు నవ్వొచ్చింది. నేను కాలేజీకి వెళ్లాను. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ సాయంత్రం వల్లే.

మూటలు మోసే పని తనతోనే ఆగిపోవాలని పెదనాయన కోరిక. సైన్యంలోకి మనుషులను తీసుకుంటున్నారని విని అన్న వెళ్లి పరుగు పందెంలో నెగ్గాడు. రేణిగుంట ప్లాట్‌ఫారం మీద పెద్దమ్మ అతని చెంపలు రెండు చేతులతో పట్టుకుని, "ఆడ అందరూ హిందీ మాట్లాడతారంట. అరవం మరిచిపోబాకరా" అంది. "ఎట్ల మరిచిపోతామ్మా? నాయనను తిట్టాలంటే నీకు తోడు కావద్దా?" అన్నాడు. రైలు కదిలేదాకా ముగ్గురూ నవ్వుతూనే ఉన్నారు.

కొన్నేళ్లు ఉత్తరాన మంచులో ఉన్నాడు. ఆ కాలమంతా పెద్దమ్మకు ఒకటే దిగులు, బిడ్డ మాట తెలియని చోట ఉన్నాడని. తరువాత మన సైన్యం శ్రీలంకకు వెళ్లింది, అందులో అన్న కూడా ఉన్నాడు. అది తెలిసిన రోజు పెద్దమ్మ అమ్మవారి గుడికి పోయి, చక్కెర పొంగలి తెచ్చి మా వీధి మొత్తం పంచింది. "ఇన్నాళ్లకు మన మాట మాట్లాడే చోటికి పోతాండాడు. ఆకలైతే అడిగి తింటాడు. జ్వరమొస్తే ఏదో ఒక తల్లి చూస్తాది" అంది. నేను కూడా ఆ పొంగలి తిన్నాను. మాలో ఒక్కరికీ మరో ఆలోచన రాలేదు.

ఆ తరువాత టెలిగ్రాం వచ్చింది. ఒళ్లు రాలేదు. అక్కడే దహనం చేశారు.

కొన్ని వారాలకు అన్నతో పనిచేసిన పలమనేరు కుర్రాడొకడు సెలవులో వచ్చి జరిగింది చెప్పాడు. ఒక పల్లెలో తాటాకు దడి వెనక ఇంట్లో ఎవరో ముసలామె వణికిపోతూ ఏడుస్తోంది. ఎవరూ లోపలికి పొమ్మనలేదు. "నాకు అరవం వచ్చు, నేను మాట్లాడతా" అని మునిరత్నమే ముందుకు వెళ్లాడు. దడి దగ్గర నిలబడి పిలిచాడు. అవతలి చెట్ల నుంచి తూటాలు వచ్చాయి.

పెద్దమ్మ అంతా విని ఒకటే అడిగింది. "ఏమని పిలిచినాడు నాయనా?"

"అమ్మా, బయప్పడాదీంగ... అన్నాడమ్మా. భయపడొద్దని."

"నేను నేర్పించిన మాటే" అంది పెద్దమ్మ. ఆ రోజు నుంచి ఆమె నోట అరవం రాలేదు. ఇడ్లీల దగ్గర యాత్రికులు అరవంలో అడిగితే తెలుగులో బదులిచ్చేది. అర్థం కాకపోతే వాళ్లే వెళ్లిపోయేవారు.

గుడియాత్తం నుంచి పెద్దమ్మ వాళ్లక్క పరామర్శకు వచ్చింది. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. నేనప్పుడు నెల తప్పి పుట్టింట్లో ఉన్నాను. కడుపుతో ఉన్నదానివి చావింటికి పోకూడదని అమ్మ ఆపింది. కాసేపటికి పెదనాయన గోడ దగ్గరికి వచ్చాడు. "సుగుణమ్మా, ఒకసారి రా తల్లీ. అక్కాచెల్లెళ్లు మాట్లాడుకోలేకుండా ఉండారు. నాకొచ్చిన అరవమంతా తిట్లే."

వెళ్లి ఇద్దరి మధ్య కూర్చున్నాను. అక్క చెల్లెలి గడ్డం పట్టుకుని, "నాతో మన మాటలో ఏడువు" అంటోంది. పెద్దమ్మకు ప్రతి అక్షరం తెలుసు. అయినా నేను తెలుగులో చెప్పేదాకా కళ్లెత్తలేదు. తరువాత నాతో అంది: "నాకు ఆ మాట లేదని చెప్పు." నేను చెప్పాను. మునిరత్నం అన్న నేర్పిన అరవంలోనే చెప్పాను. ఆ అక్క రాత్రి బస్సుకే వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు.

బాబు పుట్టాక వాడికి నీళ్లు పోయడానికి పెద్దమ్మే వచ్చేది. కాళ్లు చాపి, వాణ్ణి మోకాళ్ల మీద బోర్లా వేసుకుని, నూనె రుద్దుతూ మాటల్లేకుండా ఊ ఊ అని కూనిరాగం తీసేది.

"పాట పాడు పెద్దమ్మా."

"నాకు తెలుగు జోలలు ఎవురు నేర్పించినారమ్మా?"

నేను నీళ్ల చెంబు అందించాను. వాడి వీపు మీద నీళ్లు పోస్తూ ఆమే అడిగింది. "ఈడికి ఏమేం నేర్పిస్తావు?"

"మంచివన్నీ, పెద్దమ్మా."

"నేను చెడ్డది నేర్పించినానా?"

ఆమె కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని నా ముఖంలోకి చూసింది.

ఇప్పుడు మా వాడికి మాటలు వస్తున్నాయి. ప్రతిదాని వైపూ వేలు చూపి "ఏంది?" అంటాడు. వీధి పిల్లల దగ్గర అరవం కూడా పట్టేస్తున్నాడు. నా భయం భాష గురించి కాదు. ఏ భాషలోనైనా, వణికే మనిషిని చూస్తే దగ్గరికి పొమ్మనే కదా ఏ తల్లైనా నేర్పుతుంది! ఆ బుద్ధి పుట్టకుండా పెంచితే బిడ్డ బతుకుతాడేమో. అలా పెంచడం నాకు చేతకాదు.

ఈ సాయంత్రం వీధిలో కుక్క మొరిగితే పక్కింటి పాప గుక్కపట్టి ఏడ్చింది. మావాడు తప్పటడుగులు వేసుకుంటూ వెళ్లి, ఆ పాప చెయ్యి పట్టుకుని, "బయ్యం లేదు, బయ్యం లేదు" అన్నాడు. ఎవరూ నేర్పలేదు. చూస్తున్న ఆడవాళ్లంతా మురిసిపోయారు. నేను పరిగెత్తి వాణ్ణి ఎత్తుకుని లోపలికి వచ్చి తలుపు వేశాను. వాడు తలుపు వైపు చేతులు చాచి ఏడుస్తూనే ఉన్నాడు.