మెట్లు చూసి ఇచ్చిన సీటు

ముత్తంగి దగ్గర బస్టాప్ ఒకచోట ఉంటుంది, బస్సు మరొకచోట ఆగుతుంది. మధ్య దూరం పెద్దదేమీ కాదు, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను టిఫిన్ డబ్బా పట్టుకుని పరుగెత్తినంత. ఎవరికి ఫిర్యాదు చేయాలో తేలకముందే రిటైరయ్యాను.

ఆ బస్సెక్కి వెళ్ళింది పటాన్‌చెరు అవతల ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి. కరోనా తగ్గిన ఏడాది జూన్‌లో అక్కడ సూపరింటెండెంట్‌గా చేరాను. సూపరింటెండెంట్ అంటే గుమాస్తాలకు పైన, ప్రిన్సిపాల్‌కు కింద. ఏ కాగితం మీదా చివరి సంతకం మనది కాదు. కానీ మన పొట్టి సంతకం పడనిదే ఏ కాగితమూ అక్కడిదాకా పోదు. స్కాలర్‌షిప్ సెక్షన్‌లో చాలా ఏళ్ళు పనిచేశానని తెలిసి, వికలాంగ విద్యార్థుల హెల్ప్‌డెస్క్ కూడా ప్రిన్సిపాల్ మేడం నాకే అప్పగించారు. హెల్ప్‌డెస్క్ అంటే నా బల్లే. ముందొక బోర్డు పెరిగింది.

పని మాత్రం శ్రద్ధగానే చేశాను. ఒక ఎర్ర ఫైలు తయారుచేశాను. వైకల్యం నలభై శాతానికి తగ్గదని సదరం సర్టిఫికెట్ ఉంటే ఏ స్కాలర్‌షిప్‌కు అర్హత వస్తుంది, దేనితో ఏది కలిపి తీసుకోకూడదు, పరీక్షలో అదనపు సమయానికీ, రాసిపెట్టే మనిషికీ ఎవరికి దరఖాస్తు పెట్టాలి, బస్‌పాస్ ఎక్కడ, హాస్టల్ సీటు ఎక్కడ, అన్నీ అందులో ఉండేవి. చుట్టుపక్కల ఫ్యాక్టరీలు ఇచ్చే సాయాలు కూడా రాసుకున్నాను. వాటిలో కొన్నింటికి ఉండాల్సిన ముఖ్య అర్హత, ఫోటోలో బాగా పడటం. పక్క కాలేజీల వాళ్ళు ఆ ఫైలును జిరాక్స్ తీయించుకుని వెళ్ళేవారు. నేను వద్దనేవాణ్ణి కాదు.

నేను చేరాక మూడో ఏటి అడ్మిషన్లలో గడ్డపోతారం నుంచి తల్లీకూతుళ్ళు వచ్చారు. తల్లి సువార్తమ్మ, అక్కడే ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. కూతురు ఎస్తేరు, ఇంటర్‌లో మంచి మార్కులు. పుట్టుకతోనే కాళ్ళల్లో సత్తువ తక్కువ కావడంతో చంకల కింద రెండు కర్రలతో నడుస్తుంది. అమ్మాయిని తలుపు దగ్గరి బెంచీ మీద కూర్చోబెట్టి, తల్లిని నా ఎదురు కుర్చీలో కూర్చోమన్నాను.

డిగ్రీ సీట్లు ఇప్పుడు ఆన్‌లైన్. కావలసిన కాలేజీ, కోర్సు విద్యార్థి వరుసగా పెట్టుకోవాలి. వీటినే వెబ్ ఆప్షన్లంటారు. పైది దొరికితే కింది వాటిని కంప్యూటర్ చూడనే చూడదు. నేను తల్లికి ఫైలు చూపించి, అరగంట చెప్పి, బీఏను మొదట పెట్టాను. కారణం సాంకేతికమైనది: బీఏ క్లాసులు కింద, సైన్సు ల్యాబులు పైన. మధ్యలో ఇరవై రెండు మెట్లు, లిఫ్టు లేదు. కాళ్ళు బాగాలేని వాళ్ళకు బీఏ అన్నది మా కాలేజీలో ఎక్కడా రాసిలేని రూలు, అందుకే ఎవరూ తప్పలేదు. బీఏ తక్కువ చదువని కాదు. నేనూ బీఏనే, కాళ్ళు బాగానే ఉండగా.

ఆ అరగంటలో అమ్మాయిని నేను అడిగింది ఒక్కటే: ఓటీపీ. ఆమె ఫోన్ చూసి ఆరంకెలు చదివింది. ఆప్షన్లు ఖాయమయ్యాయి, పని అయిపోయింది.

సీటొచ్చింది. స్కాలర్‌షిప్ దరఖాస్తు ఒక్క కాగితం తగ్గకుండా అదే రోజు పెట్టించాను. అంత శుభ్రమైన దరఖాస్తు ఆ ఏడాది మరొకటి లేదు.

పది రోజులకు ఎస్తేరు ఒక్కతే షేర్ ఆటోలో వచ్చింది. ఈసారి కుర్చీలో కూర్చుంది. తనకు కావలసింది బీయస్సీ కెమిస్ట్రీ అని చెప్పింది. వాళ్ళ వీధిలో ఒక అక్క ఫ్యాక్టరీ క్వాలిటీ ల్యాబులో పనిచేస్తుందట, ఎక్కువభాగం కూర్చుని చేసే పనేనట. తను అక్కడిదాకా లెక్క వేసుకుంది. నేను మెట్ల సంగతి చెప్పాను, కొంచెం జాలి కలిపి.

"ఇంటర్ రెండేండ్లు రెండో అంతస్తుల చదివిన సార్" అంది. "కింద టైర్ల దుకాణం, పైన కాలేజీ. గా మెట్లు ఎవ్వరూ లెక్కపెట్టలే."

మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను. పెద్దసార్ అన్నీ తెలిసి రాస్తున్నాడనుకున్నదట. ఓటీపీ స్కాలర్‌షిప్‌కు అనుకున్నదట.

రెండో విడత ఆప్షన్లకు మర్నాడు సాయంత్రం దాకా గడువుంది. బీయస్సీ సీట్లు కొన్ని మిగిలే ఉన్నాయి కూడా. అడ్డం పడింది నా శుభ్రమైన దరఖాస్తు. అది బీఏ పేరుతో కాలేజీ లాగిన్‌లోకి చేరిపోయింది. ప్రిన్సిపాల్ దాన్ని వెనక్కి పంపితే తప్ప కోర్సు మార్చి పెట్టడానికి లేదు. స్కాలర్‌షిప్ లేకపోతే ఆ ఇంట్లో డిగ్రీ అన్న మాటే లేదు. అంటే మర్నాటికి దరఖాస్తు వెనక్కి రాకపోతే ఆ అమ్మాయి మూడేళ్ళు చదవాల్సింది నాకు నచ్చిన కోర్సు.

ప్రిన్సిపాల్ మేడం మంచి మనిషి, అందుకే భయపడ్డారు. మెట్ల మీద పడితే బాధ్యత ఎవరిదన్నారు. తల్లి వచ్చి, ఏం జరిగినా మాదే బాధ్యత అని రాసిస్తే దరఖాస్తు వెనక్కి పంపుతానన్నారు. సువార్తమ్మ మర్నాడు సగం షిఫ్టు వదులుకుని, తలకు కట్టుకున్న గుడ్డతోనే వచ్చింది. బాధ్యత మాదే అని నేనే రాసి ఉంచిన కాగితం, పెన్ను ముందు పెట్టాను. ఆమె పెన్ను ముట్టుకోలేదు.

"నేనెందుకు పెట్టాలె మేడం? కాళ్ళు దానియి, సదువు దానిది, పద్దెనిమిదేండ్లు నిండినయి. మొన్న సారు గూడ నన్నే అడిగిండు, నేను తల ఊపిన. గిప్పుడు మల్ల నన్నే అడుగుతుండ్రు. దాన్ని అడుగుండ్రి."

మేడం నావైపు చూశారు. నేను ఫైలు వైపు చూశాను. ఎస్తేరు కాగితం తీసుకుని, బాధ్యత అన్న మాట కొట్టేసి, బీయస్సీ చదవడం నా ఇష్టం అని రాసి సంతకం పెట్టింది. పెన్ను తిరిగి ఇచ్చేటప్పుడు, రూలు ప్రకారం ఇది సరిపోతుందా సార్ అని మర్యాదగానే అడిగింది. ఏ రూలు ప్రకారమూ ఆ కాగితం అక్కర్లేదని అప్పుడు నాకు గుర్తొచ్చింది. మేడం దరఖాస్తును వెనక్కి పంపారు. గడువుకు రెండు గంటల ముందు ఆప్షన్లు మారాయి. ఈసారి ప్రతి లైనూ అమ్మాయి చెప్పింది, నేను టైపు చేశాను. వారంలో బీయస్సీ సీటొచ్చింది, దాని వెనకే కొత్త దరఖాస్తూ వెళ్ళింది.

క్లాసులు మొదలయ్యాక మేడం ఒక సర్క్యులర్ తీశారు. బీయస్సీ మొదటి ఏడాది పాఠాలు కింది గదికి, బీఏ మొదటి ఏడాది వాళ్ళవి పైకి. ల్యాబుకు మాత్రం వారానికి రెండు రోజులు మెట్లెక్కాలి. సర్క్యులర్ మొత్తం నాలుగు లైన్లు. గదులు మార్చవచ్చన్న సంగతి అంతకుముందు మాకెవరికీ తట్టలేదు. ల్యాబు బల్ల ఎత్తుకు సరిపడే స్టూలును అటెండర్ యాదయ్య స్టోర్‌రూమ్‌లో వెతికి తెచ్చాడు. అది ఎప్పటినుంచో అక్కడే ఉందట.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. ముందు విద్యార్థి ఏం చదువుతుందో రాసుకోవాలి. దానికి తగిన స్కాలర్‌షిప్, గది, బస్సు తర్వాత వెతకాలి. నేను ఈ వరుసను తలకిందులుగా, చాలా శ్రద్ధగా చేసేవాణ్ణి. ఎర్ర ఫైలుకు ముందు ఒక కొత్త పేజీ కుట్టించాను. అందులో ఒకటే ప్రశ్న: నువ్వేం చదవాలనుకుంటున్నావు? జవాబు విద్యార్థి చేతిరాతలోనే ఉండాలి.

ఆ పేజీ కుట్టినవాడు యాదయ్యే. ఇరవై ఏళ్ళుగా అదే కాలేజీలో ఉన్నవాడు, కర్రలతో, చక్రాల కుర్చీలతో వచ్చిన పిల్లలందరినీ గేటు దగ్గర నుంచి లోపలికి తెచ్చినవాడు. దారం కొరికి, ఫైలు నా బల్ల మీద పెట్టి, పేజీని ఒకసారి చదివాడు.

"మరి ఇంతకుముందు మనం బీఏల ఏసినోళ్ళ సంగతేంది సార్?" అన్నాడు.