టార్పాలిన్ ముడి

ఫిజీలో నవువా నుంచి సువా వెళ్లే బస్సులో నా పక్కన ఒక ఫిజియన్ కూర్చున్నాడు. అమెరికాలో బేస్‌బాల్ విసరడం అతని ఉద్యోగమట.

"బంతి విసిరితే జీతమా?" అన్నాను.

"ఇచ్చేవాళ్లు కాకా. భుజం పోయింది, పంపేశారు," అని నవ్వాడు.

వాన మొదలైంది. కిటికీకి అద్దం లేదు, పైన చుట్టి కట్టిన టార్పాలిన్ దించాలి. అతని కుడిచెయ్యి పైకి లేవలేదు. ఎడమచేత్తో ముడి లాగాడు, రాలేదు. నేను లేచాను.

"నై కాకా, హమ్ కరేగా." నేనే చేస్తానని మా ఫిజీ హిందీలో అన్నాడు.

ముడి విడేసరికి ఇద్దరం తడిసి ముద్దయ్యాం.

"నీ మొండితనానికి నాకు జలుబు!"

"ఈ చెయ్యి ఇప్పుడే నేర్చుకుంటోంది కాకా."

తర్వాత కొన్నాళ్లకు, ఈ ముసలితనంలో గుడిలో తెలుగు అక్షరాలు నేర్చుకోబోతే, పంతులమ్మ నా చెయ్యి పట్టుకుని దిద్దించబోయింది.

"నై, హమ్ కరేగా" అన్నాను.

ఆ పూటంతా 'అ' దగ్గరే కూర్చున్నాను. ఆవిడ విసుక్కుంది. విసుక్కోనీ.