మా ఇంటి గళ్ళ చీర

మా అమ్మాయి సుశీల తన పెళ్ళికి మా ఇంటి గళ్ళ చీరే కట్టుకుంటానంది, నా కడుపు నిండిపోయింది. మా ఇంటి ఆడపిల్లలందరూ ఎర్ర, నల్ల గళ్ళ చీరతోనే పీటల మీద కూర్చున్నారు. చదువుకున్న పిల్ల, నైలాన్ అడుగుతుందేమోనని ఇన్నాళ్ళూ భయపడ్డాను. ఈ రోజు బట్టల దుకాణంలో, మా అమ్మ పెళ్ళిచీరతో కుట్టిన పాత బొంతను తనే సంచిలోంచి తీసి పరిచింది.

"గిసొంటివి ఇప్పుడెవరు కడ్తున్రమ్మా? నైలాన్ జూడరాదు," అన్నాడు సేటు.

"మా నాయనమ్మ కట్టింది, నేను గూడ కడ్త. ఎర్ర గడి గింతే ఉండాలె, జర నేయించున్రి సేటూ."

మీ ఇళ్ళలో ఏ రంగు గళ్ళో మీరూ చెప్పండి. న్యాల్‌కల్ అక్కకు, కోహీర్ బావకు, చిరాగ్‌పల్లి చిన్నమ్మకు నేనే కబురు పంపుతాను. నైలాన్ చీర ముందే కొని పెట్టెలో దాచిన మా ఆవిడకు మాత్రం మీలో ఎవరైనా చెప్పండి.